వేలెడు సందు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం రియాద్‌లోని బతా బజారులో మా గోదావరివాళ్ళ మెస్సులో చేపల పులుసు కలుపుకుంటుంటే ఫోను మోగింది. చేసింది ఇక్కడ నాతో పనిచేసిన అన్న భార్య. ఆయన పోయి మూడేళ్ళు కావస్తోంది. ఏడాదికి రెండు మూడుసార్లు చేస్తుంది. ముందు నా ఆరోగ్యం అడుగుతుంది, మా అమ్మ మోకాళ్ళ నొప్పి అడుగుతుంది, ఇక్కడ ఎండలు ఎలా ఉన్నాయో అడుగుతుంది. ఆ వెనక వచ్చేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"ఆయన సందు ఉంచకుంట పండుకునే మనిషి కాదు గద తమ్మీ. మరి ఆ దినం ఎట్ల మూసిండు?"

ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి దాటేశాను. సిగ్నల్ లేదన్నాను, సూపర్‌వైజర్ పిలుస్తున్నాడన్నాను. మొన్న మాత్రం జవాబు చెప్పాను. ఏం చెప్పానో చివర రాస్తాను. ఆయన ఎలాంటివాడో తెలియకుండా వింటే అదొక మామూలు మాటలాగే ఉంటుంది, నేను చేసిన నీచం ఎవరికీ అర్థం కాదు.

మా పని ఇళ్ళ సందులు మూయడం. ఊళ్ళో ఎవరైనా అడిగితే "ఏసీ పని" అని చెప్పి ఊరుకుంటాం, ఎందుకంటే సందులు మూసే ఉద్యోగం కూడా ఒకటుంటుందంటే నవ్వుతారు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంట్లో ఏసీలు తిరుగుతూనే ఉంటాయి. కిటికీ అంచుల్లోంచి, తలుపు కిందనుంచి, పైపులు గోడలోకి దూరేచోట నుంచి చల్లదనం బయటికి పోతుంది, దుమ్ము లోపలికొస్తుంది. కరెంటు బిల్లు చూసి ఇంటివాడు గుండె బాదుకుని మా కంపెనీకి ఫోన్ చేస్తాడు. మేం వెళ్ళి రబ్బరు పట్టీలు వేసి, సిలికాన్ కొట్టి, కప్పు కింద ఫోము పరిచి వస్తాం. నేను రియాద్‌లో దిగిన వారానికి నన్ను ఆయన పక్కన పడేశారు. నాలుగేళ్ళు ఆయన పక్కనే పనిచేశాను.

ఆయనది జగిత్యాల వైపు ఊరు. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవాడు. వడ్రంగులు చెవి మీద పెన్సిల్ పెట్టుకున్నట్టు ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక ఊదుబత్తి ఉండేది. సందు ఎక్కడుందో కనిపెట్టే యంత్రం అదే. దాన్ని వెలిగించి, ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, కిటికీ చుట్టూ అంగుళం అంగుళం జరిపేవాడు. పొగ నిటారుగా లేస్తే పర్వాలేదు. ఎక్కడైనా వంగిందంటే "ఈడున్నడు దొంగ" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నిజంగానే దొంగను పట్టుకున్న సంబరం కనిపించేది.

ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టేవాడు. నాకేమో నోరు ఊరుకోదు. నర్సాపురం నుంచి వచ్చినవాణ్ణి, పక్కన మనిషి ఉంటే మాట్లాడకుండా ఉండలేను.

"నోరు మూస్కో తమ్మీ. నీ ముచ్చట్లకే పొగ వంగుతున్నది" అనేవాడు.

"ఆయ్, మూసుకున్నానన్నా."

"ఆ 'ఆయ్'కు గూడ వంగింది సూడు."

గోడలో వేడి రంగులు రంగులుగా కనిపించే కెమెరా ఒకటి కంపెనీ ఇచ్చింది. దాన్ని ఆయన 'ఎర్రపచ్చ డబ్బా' అనేవాడు. సూపర్‌వైజర్ చూసినప్పుడు మాత్రం మెడలో వేసుకునేవాడు. "యాడ ఎర్రగున్నదో చెప్తది గని, యాడికి పోతున్నదో దానికేం ఎరుక" అని నా మెడలో వేసేసి చెవి మీద పుల్ల తీసేవాడు. ఇంటివాళ్ళకు కూడా ఆ పుల్లే నచ్చేది. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ధూపం వేసుకునే అలవాటు ఉంది కాబట్టి మేం వెళ్ళిపోయాక అతిథులు కూర్చునే మజ్లిస్‌లో మిగిలిన వాసన గురించి ఆడవాళ్ళు తలుపు చాటు నుంచి పనిమనిషితో అడిగించేవారు. ఆయన జేబులోంచి నాలుగు పుల్లలు తీసి ఇచ్చేవాడు.

ఇక ఆయన కోత. పెద్ద రంధ్రాలకు గట్టి ఫోము పలకను ముక్క కోసి బిగిస్తాం. అందరం కొలిచి కోస్తాం, అయినా కొంచెం తేడా వస్తే గమ్ము పూసి సర్దేస్తాం. ఆయన కొలిచేవాడు కాదు. రంధ్రాన్ని ఒకసారి తేరిపార చూసి, చాకుతో కోసి, బొటనవేలితో నొక్కితే ముక్క 'టప్'మని కూర్చునేది. గమ్ము ముట్టేవాడు కాదు. "గమ్ము పెట్టినవంటే కోసుడు రానట్టు" అనేవాడు. నేను కోసిన ముక్కను గోటితో గీరి చూసేవాడు. అది ఊడి ఆయన చేతిలోకి వచ్చేది. ఏమీ అనకుండా నా ఒళ్ళో పడేసేవాడు. నాలుగేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా నా ముక్కను చూసి బాగుందనలేదు. నాకు అది లోపల మండేది.

అంత పట్టింపుగా మూసే మనిషి పనంతా అయ్యాక ఒక సందు వదిలేసేవాడు. ప్రతి ఇంట్లోనూ, వంటింట్లోనో స్నానాల గది తలుపు మీదో, చిటికెన వేలు దూరేంత. ఆ వేలు పెట్టి చూసుకుని మరీ వదిలేవాడు. దాంతో సూపర్‌వైజర్‌కు ఒళ్ళు మండేది. పని ముగిశాక గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో ఎంత గాలి జారుతోందో లెక్క చూస్తారు, ఆ లెక్కలో ఈ వేలెడు సందు దొరికిపోతుంది.

"సార్, ఘర్ కో భీ సాంస్ లేనా హై" అనేవాడు ఆయన, ఇల్లు కూడా ఊపిరి తీసుకోవాలి కదా అని.

"నిన్ను మూయమని పిలిచాను, ఊపిరి ఊదమని కాదు" అని సూపర్‌వైజర్ ఒంటికాలి మీద లేచేవాడు.

ఆయన బుద్ధిగా తలూపి సందు మూసేవాడు. పరీక్ష అయి ఫ్యాను బండి ఎక్కగానే "టూలు మర్చిపోయిన" అని వెనక్కి వెళ్ళి స్క్రూడ్రైవర్‌తో మళ్ళీ పొడిచి వచ్చేవాడు. నేను బండిలో కూర్చుని నవ్వుకునేవాణ్ణి. మనిషికి పిచ్చి అనుకునేవాణ్ణి.

ఎందుకన్నా ఈ పట్టు అని ఒకే ఒకసారి అడిగాను. ఆయనా ఒకేసారి చెప్పాడు.

"మా అమ్మ బీడీలు చేసేది. గాలికి తంబాకు లేస్తదని కిటికి, తలుపు అన్ని మూసుకొని గూసునేది. పొద్దుందాక గదే రూముల. మేం పోరగాండ్లం లోపటికి పోతె తుమ్ములు. ఆమెకు తుమ్ములు గూడ పోయినయ్, ఒట్టి దగ్గే మిగిలింది. నలభై ఏండ్లకే పోయింది. జర సందు ఉంచే అమ్మా అని ఎవ్వలు చెప్పలే. నేను గూడ చెప్పలే."

చెప్పి వెంటనే లేచి రబ్బరు పట్టీ చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

నాలుగో ఏడు చలికాలానికి ముందు మా ఇద్దర్నీ అభా పంపారు. అక్కడ కొండల మీద చల్లదనానికి వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే ఇళ్ళు చాలా కట్టారు. అదొక వింత ఊరు మాకు. రియాద్‌లో లోపలి చల్లదనాన్ని కాపాడేవాళ్ళం, అక్కడ లోపలి వెచ్చదనాన్ని కాపాడాలి. పొద్దున్నే మంచు కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చునేది. "సౌదీల సలి ఏంది తమ్మీ, గిది మనకు చెప్పకుంట తెచ్చిన్రు" అని ఆయన రెండు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి తొడిగేవాడు.

అక్కడే ఆ ముసలమ్మను చూశాం. పాత రాతి ఇల్లు. కొడుకు చలికాలం రాకముందే ఇల్లంతా బిగించమన్నాడు. ఆమె గది గోడలో పైన ఒక చిన్న బొక్క ఉంది, కట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఆమె పక్కన ఇనుప కుంపటి, దాని మీద కాఫీ కూజా. నేను నిచ్చెన వేసి ఫోము గన్ను ఎత్తగానే ఆమె కర్ర పట్టుకుని లేచి, నిచ్చెన కాలు గట్టిగా పట్టుకుంది. అరబీలో గబగబా ఏదో అంది. కొడుకు విసుక్కున్నాడు. ఆయన నన్ను దింపి, తాను ఎక్కి, ఊదుబత్తి వెలిగించి ఆ బొక్క దగ్గర పెట్టాడు. పొగ తిన్నగా అందులోకి పోయింది. ముసలమ్మ అది చూసి బోసినోటితో నవ్వింది. ఆయనా నవ్వాడు. కొడుకు వైపు తిరిగి తనకొచ్చిన రెండు ముక్కల అరబీలో "హాదా ఖల్లీ, బాబా" అన్నాడు. దీన్ని ఇలాగే వదిలెయ్ అని.

చివరి రోజు ఆమె పనిమనిషి చేత ఒక చిన్న కుంపటి తెప్పించి ఆయన చేతిలో పెట్టింది. పాతది, ఒక కాలు కొంచెం వంకర. ఆయన దాన్ని బండిలో కింద పెట్టలేదు, గది చేరేదాకా పసిపిల్లలా ఒళ్ళోనే ఉంచుకున్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు.

మా గది ఒక గోడౌను మీద ఉండేది. ఇద్దరమే. తలుపు తీస్తే ఆరుబయట మెట్లు. కరెంటు హీటరు పెడితే కింద ఫ్యూజు కొట్టేసేది, అందుకని కుంపటి మా పాలిట దేవతైంది. సాయంత్రం మెట్ల మీద బొగ్గులు రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేవాడు. పడుకునే ముందు మళ్ళీ బయట పెట్టేసేవాడు. గదిలో కూడా తలుపు పైన ఆయన వేలెడు సందు ఉంది. పొడుగ్గా కోసి, ఎలకలు రాకుండా వల కొట్టాడు. శుక్రవారం స్నానం చేసి, గోడకున్న దేవుడి బొమ్మకు పుల్ల తిప్పి, అదే పుల్లను సందు దగ్గర పెట్టి పొగ పోతోందో లేదో చూసి, "ఆఁ, నడుస్తున్నది" అనేవాడు. నేను చర్చికి అలవాటైనవాణ్ణి కాబట్టి ఆ పూజ నాకు పట్టేది కాదు గానీ, ఆ 'నడుస్తున్నది' అనే మాట వినకపోతే శుక్రవారం వచ్చినట్టుండేది కాదు.

నా మంచం తలుపును ఆనుకుని, ఆ సందు పక్కనే. చలిగాలి తిన్నగా నా నడినెత్తి మీద దిగేది. ముక్కు దిబ్బడ, తలనొప్పి. రోజూ గొణిగేవాణ్ణి.

"నా మంచం మీదికి రా తమ్మీ. నేను ఆడ పండుకుంట" అన్నాడు.

నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఫోను ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు నా మంచం పక్కనే ఉంది.

ఒకరోజు ఆయన సామాన్లకు వెళ్ళినప్పుడు ఫోము ముక్క ఒకటి తీసుకుని, ఆ సందును తేరిపార చూసి, కొలవకుండా కోశాను. వల ఒక పక్క లేపి నొక్కాను. 'టప్'మంది. గోటితో గీరి చూశాను, కదల్లేదు. నాలుగేళ్ళలో నేను సరిగ్గా కోసిన మొదటి ముక్క అది. బయట మంచు తెలుపు, ఫోము తెలుపు, వల వెనక ఏమీ తెలియడం లేదు. నాకు గర్వంగా అనిపించింది. ఆయనకు చూపించుకోలేకపోవడం ఒక్కటే లోటు.

అప్పటినుంచి ఆయన నిద్రపోయాక ముక్క పెట్టేవాణ్ణి, ఆయన లేవకముందే తీసేవాణ్ణి. కుంపటి బయటికెళ్ళాకే మూసేవాణ్ణి. నాకా మాత్రం తెలివి ఉంది. రెండు వారాలు అలా గడిచింది. హాయిగా నిద్రపోయాను.

తర్వాత ఈ దేశంలో ఉండడానికిచ్చే ఇఖామా కార్డు పని మీద రియాద్ వెళ్ళాల్సి వచ్చింది. అది బుధవారం. తెల్లారగట్ల బస్సు. ఆయన నాకంటే ముందే లేచి, నా సంచి కిందిదాకా మోసి, రొట్టెలు చుట్టిచ్చి, "పైలం తమ్మీ, జల్ది రా" అన్నాడు. ఆయన లేచి ఉన్నాడు కాబట్టి ముక్క తియ్యలేకపోయాను.

మర్చిపోలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మర్చిపోయానని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. బస్సు టీ కోసం ఆగినప్పుడు నాకు గుర్తొచ్చింది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఏమని చెప్పాలి? నీ సందు రెండు వారాలుగా మూస్తున్నానన్నా అని చెప్పాలి. తిడితే పడేవాణ్ణే. తిట్టడు, నా ముక్కలు నా ఒళ్ళో పడేసినట్టు ఏమీ అనకుండా ఊరుకుంటాడు. అది తల్చుకుంటే ఎలాగో అనిపించింది. ఎల్లుండి శుక్రవారం ఎలాగూ పుల్ల పెట్టి చూసుకుంటాడులే, అప్పటిదాకా పడుకునే వేళకు కుంపటి బయటే కదా అనుకున్నాను. ఫోను జేబులో పెట్టుకుని టీ తాగాను. టీ బాగుంది కూడా.

ఆ సాయంత్రం అక్కడ వడగళ్ళు పడ్డాయి, కరెంటు పోయింది. తడిసి వచ్చి ఆయనకు వణుకు పట్టిందని కింద గోడౌను కాపలావాడు చెప్పాడు. కుంపటి లోపలే ఉంచుకో, కానీ జాగ్రత్త అన్నాడట అతను. ఆయన పైకి చెయ్యి చూపించి "సందున్నది గద" అని నవ్వాడట.

మర్నాడు పొద్దున నేను వేలిముద్రల వరుసలో ఉండగా, ఆయన ఇక లేవలేదని ఫోను వచ్చింది. తిరిగి అభా చేరేసరికి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. గదిలో కుంపటి ఉంది, బొగ్గులు బూడిదై ఉన్నాయి. పోలీసులు వచ్చి చూసి వెళ్ళారు. ఎవరూ ఆ వల వెనక చూడలేదు. అంత బాగా కోశాను. మూసిన గదిలో తనంతట తాను బొగ్గులు పెట్టుకుని, ఆ విషగాలికి పోయాడని రాశారు. అందరూ వెళ్ళాక వల లేపి ముక్క తీశాను. అది ఇంకా నా పెట్టెలో బట్టల అడుగున ఉంది. పారేయలేను, చూడలేను.

ఆయన పోయాక నా చెయ్యి తిరిగింది. ఇప్పుడు నా ముక్కలకు గమ్ము అక్కర్లేదు, కంపెనీలో నన్ను నెత్తిన పెట్టుకుంటారు. కొత్తవాళ్ళు దిగినప్పుడు జాగ్రత్తల క్లాసు పెడతారు. అందులో సూపర్‌వైజర్ ఆయన కథ చెబుతాడు. ఇన్నేళ్ళ అనుభవం ఉండీ మూసిన గదిలో కుంపటి పెట్టుకున్న మూర్ఖుడి కథ. అతను ఇంగ్లీషులో చెబుతాడు, నేను పక్కన నిలబడి తెలుగులోకీ హిందీలోకీ మార్చి చెబుతాను. ఒక్క మాట కూడా వదలను. కొత్తవాళ్ళు తలలూపుతారు. ఎవరో ఒకరు నవ్వుతారు కూడా.

ఇక మొన్నటి సంగతి. పులుసు కలిపిన చెయ్యి అలాగే ఉంది. ఆమె ప్రశ్న అడిగింది. మెస్సులో అందరూ గోలగోలగా ఉన్నారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది, ప్రమాణం చేసి చెబుతున్నాను. వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఆ రోజు చలి మరీ ఎక్కువండి వదినా. ఆయనే మూసుకున్నాడు."

"ఆయననేనా? నీకు ఎరుకేనా తమ్మీ?"

"ఆయ్. ముక్క నేనే చూశాను."

"అట్లనా. అంటే ఆడికి పోయి మారిండన్నట్టు." గొంతులో ఏడుపు లేదు. అలిసిపోయినట్టుంది. "నేను ఇన్ని దినాలు ఎవలో తప్పు చేసి ఆయన మీద ఏసిన్రనుకున్న. కంపినోళ్ళను రోజు తిట్టుకున్న. పాపం, వాళ్ళదేం లేదు."

నేను కంచంలోంచి ఒక ముల్లు ఏరి పక్కన పెట్టాను.

"ఈడ మా రూము తలుపు మీద గూడ ఉంచిండు తమ్మీ, వేలంత. పోయినసారి అచ్చినప్పుడు ఆయన చేతితోనే చేసిండు. ఎంత సలి కొట్టినా మూయలే నేను. ఆయన మాటని అట్లనే ఉంచిన. ఇగ రేపు మేస్త్రిని పిలిచి మూపిస్త."

"వద్దు వదినా" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

"ఎందుకు? ఆయననే మూసుకున్నడంటివి."

మెస్సు గోలలో వినబడనట్టు "హలో, హలో" అన్నాను. ఆమె "సరే తీ తమ్మీ, తిను. బువ్వ సల్లారుతది. ఇగ గా ముచ్చట అడగ" అని ఫోను పెట్టేసింది.

అన్నం నిజంగానే చల్లారింది. తినేశాను.